పొయ్యికీ పళ్ళేనికీ నడుమ

మా ఇంటికి ముగ్గు పోసిన రోజునే నాకూ మా అమ్మకూ గొడవైంది.

రెండున్నర సెంట్ల స్థలం. అంటే 121 గజాలు. మా వంశంలో ఇంత నేలకి రిజిస్ట్రేషన్ కాగితం చూసినవాళ్ళు ఎవరూ లేరు. నా టీచరు జీతం మీదా, మా ఆయన ఆర్టీసీ జీతం మీదా బ్యాంకు అప్పు తెచ్చాం. మేస్త్రి తాడు లాగి, దాని వెంబడి ముగ్గు పోసుకుంటా వచ్చి వంటింటికీ తినే గదికీ మధ్యన ఆగాడు. "ఇక్కడ గోడ లేపాలా, ఖాళీ ఉంచాలా మేడమ్?" అనడిగాడు.

"ఖాళీ" అన్నాను నేను.

"గోడ" అంది మా అమ్మ.

ఇద్దరం ఒకేసారి అన్నాం. మేస్త్రి ముగ్గు డబ్బా పట్టుకుని అట్టాగే నిలబడ్డాడు.

నాలుగున్నర అంగుళాల మందం, ఎనిమిదడుగుల పొడుగు ఉండే ముక్క గోడ అది. దాని గురించి ఒక వ్యాసమేందని మీరనుకోవచ్చు. నేనూ మొదట అట్టాగే అనుకున్నాను. వారం రోజులు నిద్ర పట్టక ఆలోచిస్తే తెలిసింది, మా కులం చరిత్ర సగం ఆ ఎనిమిదడుగుల్లోనే ఉందని. బడిలో నేను పిల్లలకి సాంఘిక శాస్త్రం చెబుతాను. కోటగోడల చరిత్ర చెబుతాను. వంటింటి గోడ చరిత్ర ఏ పాఠంలోనూ లేదు. అందుకే రాస్తున్నాను.

మేం మాదిగలం. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. నేను పుట్టిన ఇల్లు తాటాకు ఇల్లు. ఒకటే గది, ముందు వసారా. పొయ్యి వసారాలో ఉండేది. మూడు రాళ్ళు పెట్టి మట్టి మెత్తిన పొయ్యి. వానాకాలం పొయ్యి లోపలికొచ్చేది, మేం పొగలో పడుకునేవాళ్ళం. వండే చోటు, తినే చోటు, పడుకునే చోటు అని మూడు మాటలు మాకు లేవు. పొయ్యి చుట్టూ కూచుంటే తినే చోటు. పళ్ళేలు తీసి చాప పరిస్తే పడుకునే చోటు. అమ్మ కుండలోంచి పెడతా ఉంటే ఎవరి పళ్ళెంలో ఎంత పడిందో అందరికీ కనపడేది. కుండ అడుగు గరిట తగిలిన చప్పుడు వినపడగానే నాయన "నాకు చాల్లే" అని లేచేవాడు. ఆ చప్పుడు దాచడానికి మాకు గోడ లేదు. వీధిలో పోయే పెద్దమ్మ "ఏం కూరే?" అని అడిగి, మా గిన్నెలోకి తొంగి చూసి, ఉంటే ఇంత పెట్టించుకుని పోయేది. లేకపోతే తనే తెచ్చి పెట్టేది.

ఇదంతా గొప్ప సమానత్వమని పాటలు కట్టే మిత్రులున్నారు. వాళ్ళకి దణ్ణం. అది సమానత్వం కాదు, చోటు లేకపోవడం. కాకపోతే ఆ చోటు లేకపోవడంలోంచే ఒకరి ఆకలి ఒకరికి తెలిసే బతుకొకటి పుట్టింది. ఆ రెండూ నిజమే.

మా అమ్మ పదేళ్ళ వయసు నుంచీ ఊళ్ళో ఒక ఆసామి ఇంట్లో పనికి పోయింది. ఆ ఇల్లు మండువా లోగిలి. ముందు పంచ, మధ్యన మండువా, దాన్ని దాటితే భోజనాల చోటు, దానెనక వంటిల్లు, వంటింటెనక నుయ్యి, నూతిపళ్ళెం, దొడ్డి. అమ్మకి ఆ ఇంటి ముందు గుమ్మం తెలియదు. దొడ్డి వాకిట్లోంచి పోయేది, దొడ్డి వాకిట్లోంచే వచ్చేది. పేడ తీసేది, గడ్డి కోసేది, అంట్లు తోమేది. అమ్మ తోమిన గిన్నెల మీద మళ్ళీ నీళ్ళు చల్లి లోపలికి తీసుకెళ్ళేవాళ్ళు. మధ్యాహ్నం వంటింటి వెనక కిటికీలోంచి అమ్మగోరు పిలిస్తే, మా అమ్మ దొడ్డి చూరులో దోపిన తన సత్తు పళ్ళెం తీసుకుని కిటికీ కింద పట్టేది. పైనుంచి అన్నం పడేది. నీళ్ళు దోసిట్లో పోసేవాళ్ళు. ఇరవై రెండేళ్ళు ఆ ఇంట్లో చేసింది. ఆ వంటింట్లో పొయ్యి ఏ మూలనుందో ఆమెకి తెలియదు. వాసన బట్టి కూర చెప్పగలదు గానీ పొయ్యి చూడలేదు.

ఇంటి ప్లాను ఎవరు గీస్తారు? ఇంజనీరు గీస్తాడని మనమనుకుంటాం. ఈ దేశంలో ఇంజనీరు కంటే ముందు మనువు గీశాడు. మనుస్మృతి పదో అధ్యాయంలో చండాలుల నివాసం ఊరి బయట ఉండాలని ఉంది. వాళ్ళు తినేది పగిలిన పాత్రల్లోనట. మూడో అధ్యాయంలో ఇంకొకటుంది. శ్రాద్ధ భోజనం చేసే బ్రాహ్మణుల్ని ఎవరెవరు చూడకూడదో ఒక జాబితా ఇచ్చారు. చండాలుడు, పంది, కోడి, కుక్క, ముట్టయిన ఆడది, నపుంసకుడు. అంటే ముట్టుకోవడం దాకా అక్కర్లేదు, చూపు పడినా చాలు, తిండి చెడిపోతుంది. చూపుని ఆపేది ఏది? గోడ. తినే చోటు లోలోపలికి పోయి, దాని వెనక వంటిల్లు ఇంకా లోపలికి పోయింది ఎండకో గాలికో మాత్రమే కాదు. వంటింట్లో మడి కట్టుకున్న ఆడమనిషి కూడా ఆ గోడ లోపలే ఉండిపోయింది. ముట్టయితే ఆమెనీ దొడ్లోకి నెట్టారు. ఆ మూడు రోజులూ ఆమె పళ్ళెమూ వేరే, మా అమ్మ పళ్ళెమూ వేరే. తేడా ఏందంటే, ఆమె నాలుగో రోజు లోపలికి పోయింది, మా అమ్మ పోలేదు.

మా మేస్త్రి వంటిల్లు ఆగ్నేయంలో ఉండాలన్నాడు. శాస్త్రం అన్నాడు. ఆరో శతాబ్దం నాటి వరాహమిహిరుడి బృహత్సంహిత చూస్తే ఆ శాస్త్రంలో మూలలే కాదు, కొలతలు కూడా ఉన్నాయి. బ్రాహ్మణుడి ఇంటికి 32 మూరల వెడల్పు. తర్వాత వర్ణాలకి నాలుగేసి మూరలు తగ్గించుకుంటూ పోయి అట్టడుగున 16 మూరల దగ్గర ఆగారు. "ఆ శాస్త్రం ప్రకారం నాకు ఇల్లు ఎంత వస్తదో లెక్క కట్టు మేస్త్రీ" అన్నాను. నవ్వాడు. గాలి ఎటు నుంచి వస్తదో చూసి వంటిల్లు ఆగ్నేయంలోనే పెట్టాం. పొగ బయటికి పోవాలి గదా. శాస్త్రం కోసం కాదు, ఊపిరి కోసం.

తెల్లదొరలు వచ్చి బంగళాలు కట్టుకున్నారు. వాళ్ళు వంటిల్లు ఇంటికి దూరంగా, వెనక వేరే కొట్టంలో పెట్టించారు. వేడి, పొగ, అగ్గి భయం, వాసన, ఇవీ కారణాలు. మద్రాసు రాజధానిలో ఆ వంటకొట్టాల్లో గరిట పట్టినవాళ్ళలో అంటరాని కులాలవాళ్ళు చాలామంది. గొడ్డు మాంసం వండడానికి పైకులాలవాళ్ళు రారు గదా. ఊళ్ళో కిటికీ కింద పళ్ళెం పట్టే మనిషి, కంటోన్మెంటులో కలెక్టరు తినే భోజనం వండాడు. అయినా ఆ వంట బల్ల మీదికి చేరడానికి మధ్యలో ఒక వరండా ఉంది. ఇంకో మనిషి మోసుకుపోవాలి. వండినవాడు బల్ల దగ్గర కూచోలేదు. గోడ పేరు మారింది, అంతే.

చదువు వస్తే గోడ పోతుందన్నారు. బడిలో దాహమైతే నౌకరు వచ్చి కుళాయి తిప్పితేనే అంబేద్కర్ నీళ్ళు తాగగలిగేవాడు. నౌకరు రాని రోజు నీళ్ళు లేవు. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు. 1924, 25 సంవత్సరాల్లో తిరునల్వేలి జిల్లా చేరన్మాదేవి గురుకులంలో బ్రాహ్మణ పిల్లలకి వేరే వడ్డించారని పెద్ద గొడవ జరిగింది. అది కాంగ్రెసు డబ్బుతో, దేశభక్తి పేరుతో నడిచిన గురుకులం. పెరియార్ 1925లో కాంగ్రెసు వదలడానికి దారితీసిన గొడవల్లో అదొకటి. దానికి ముందే, 1917లో కేరళలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ ఈళవుల్నీ పులయల్నీ కలిపి కూచోబెట్టి మిశ్రభోజనం పెట్టించాడు. దానికి ఆయన్ని సొంత కులంవాళ్ళే వెలివేశారు. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. ఆ చట్టం వచ్చిన చాలా ఏళ్ళకి కూడా మా ఊరి టీ కొట్లో మా నాయన గ్లాసు వేరే చెక్క మీద ఉండేది. తాగి, కడిగి, తనే అక్కడ పెట్టి రావాలి. హోటలు వంటింట్లో ఏం జరిగినా ఫరవాలేదు. తినే బల్ల దగ్గర మాత్రం గీత గీశారు.

1990ల్లో మా పేటకి పక్కా ఇళ్ళు వచ్చాయి. ఇందిరా ఆవాస్ యోజన 1985లో మొదలైంది. ఆ లెక్కలో ఇల్లంటే 20 చదరపు మీటర్లు, సుమారు 215 చదరపు అడుగులు. మా పేటలో కట్టిన ఇంటికి ఒక గది, ముందు చిన్న వరండా. పొయ్యి ఎక్కడని ఎవరూ అడగలేదు. అమ్మ మళ్ళీ వరండాలోనే మూడు రాళ్ళు పెట్టింది. సున్నం గోడ మూడు నెలల్లో నల్లబడింది. చూడ్డానికొచ్చిన పెద్దమనుషులు "వీళ్ళకి ఇల్లు వాడుకోవడం రాదు" అన్నారు. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌లో కొలత 25 చదరపు మీటర్లయింది, అందులో శుభ్రంగా వండుకోవడానికి ఒక చోటు ఉండాలని రాశారు. అంటే పేదవాళ్ళు వండుకు తింటారన్న సంగతి ఇంటి కొలతలోకి ఎక్కడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

నాకు ఉద్యోగం వచ్చాక టౌన్లో అద్దెకున్నాం. ఇల్లు అడగబోతే మొదటి ప్రశ్న "మీరేమిట్లు?" అని. నాలుగు ఇళ్ళు అక్కడే పోయాయి. అయిదో ఇంటావిడ కులం అడగలేదు, "నీచు వండుతారా?" అని అడిగింది. కోడి, చేప అన్నాను. అబద్ధం కాదు గానీ, నిజం మొత్తం కాదు. ఆ వంటింటి వెంటిలేటరు ఆవిడ వాకిట్లోకి తెరుచుకునేది. పెద్దకూర వండాలంటే కిటికీలు మూసి, వెంటిలేటరుకి గోనెపట్టా కట్టి, సాంబ్రాణి వేసేదాన్ని. మా పిల్ల ఒకరోజు అడిగింది, "అమ్మా, మనం దొంగతనంగా తింటున్నామా?" అని. ఆ రోజే అనుకున్నాను, మన ఇల్లు కట్టుకుంటే వంటింటికి గోడ పెట్టకూడదని. ఏం వండుతున్నామో హాల్లో కూచున్న ప్రతివాడికీ కనపడాలని.

ఇంజనీరు కుర్రాడు ఫోనులో బొమ్మలు చూపించాడు. ఓపెన్ కిచెన్, ఫారిన్ పద్ధతి మేడమ్ అన్నాడు. ఆ ఫారిన్ పద్ధతి కథేందో చదివాను. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్మికుల ఇళ్ళ కోసం మార్గరెట్ షుట్టె-లిహోట్స్కీ అనే ఆవిడ ఒక వంటిల్లు గీసింది. 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడుగు. ఆడమనిషి ఎన్ని అడుగులు వేస్తుందో లెక్కగట్టి, పొయ్యికీ తినే బల్లకీ మధ్య నడక తగ్గించింది. మధ్యలో పక్కకి జరిపే తలుపు పెట్టింది. వండే తల్లికి అవతల గదిలో పిల్లలు కనపడాలని. అట్టాంటివి పదివేల దాకా కట్టారు. ఆ తర్వాత ఆవిడ నాజీలకి ఎదురు తిరిగి జైలుకి పోయింది. ఆవిడ మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ వంటింట్లో ఇద్దరు మనుషులు పట్టరని, ఆడమనిషిని ఒంటరిగా అందులో బిగించేసిందని తర్వాత ఆడవాళ్ళే విమర్శించారు. అడుగులు తగ్గించడం వేరు, ఆ అడుగులు ఎవరు వేయాలని అడగడం వేరు. ఓపెన్ కిచెన్ అంటే నేను వండుతుంటే మా ఆయన టీవీ చూస్తా నాకు కనపడతాడు. అంతకుమించి ఏం తెరుచుకుంది?

మాకు రాజీ కుదర్చడానికి ఇంజనీరే ఇంకో ఉపాయం చెప్పాడు. గోడ పెట్టి, దానికి మూడడుగుల కిటికీ. వంటింట్లోంచి గిన్నెలు అందించవచ్చు, ఇటు నుంచి తీసుకోవచ్చు. వాసన రాదు, నడక తగ్గుతుంది. నాకు నచ్చింది. మంచి ఉపాయమే. అమ్మ ఆ కాగితం వంక చాలాసేపు చూసింది.

"కిటికీలోంచి అన్నం తీసుకునే రోజులు పోయినయ్యనుకున్నా" అంది.

ఆ మాట విన్నాక ఇంజనీరు ఏం అర్థం చేసుకున్నాడో గానీ, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను సిగ్గుపడ్డాను. ఇన్ని పుస్తకాలు చదివి, ఇంత చరిత్ర చెప్పి, మా అమ్మ ఏ కిటికీ కింద నిలబడిందో ప్లాను గీయించేటప్పుడు నాకు గుర్తు రాలేదు.

ఆ రాత్రి అడిగాను, "అమ్మా, కిటికీ వద్దు సరే. గోడెందుకు మరి? మనం దాచుకునేదేముంది?" అని.

"దాయడానికి గాదే. గోడుంటే గుమ్మం ఉంటది. గుమ్మం ఉంటే గడప ఉంటది. నా బతుకంతా వాళ్ళ వంటింటి గడప ఇవతలే ఉన్నా. నాకూ ఒక వంటింటి గడప ఉండాల. నేను రమ్మంటేనే ఎవరన్నా లోపలికి రావాల. నువ్వు అంతా తెరిసి పెడితే, ఇంక నాకు లోపలేది, బయటేది?"

నేను గోడని అవమానంగా చూశాను. అమ్మ దాన్ని హక్కుగా చూసింది. గోడ లేకుండా బతికిన మనిషికి గోడ కూల్చడం విప్లవమని చెప్పడానికి నాకేం అధికారం ఉంది? అట్టాగని తలుపేసిన వంటింట్లో నన్ను నేను, రేపు నా కూతుర్ని బిగించుకోవడమూ నాకిష్టం లేదు. నేనూ ఎనిమిది గంటలు ఉద్యోగం చేసి వస్తాను. వండే మనిషి తినే మాటల్లో లేకుండా పోతే అదీ వెలే గదా.

బల్ల దగ్గర కలిసి కూచుంటే అన్నీ పోతాయన్న భ్రమ నాకు లేదు. అంబేద్కర్ 1936లోనే కుల నిర్మూలనలో చెప్పాడు, సహపంక్తి భోజనాలు కులాన్ని చంపలేకపోయాయని. బడిలో నేను రోజూ చూస్తున్నాను. సుప్రీంకోర్టు 2001 నవంబరులో బడిపిల్లలకి వండిన అన్నం పెట్టమంది. 2003 నుంచి మన దగ్గర పెడుతున్నారు. వండేవాళ్ళుగా దళితులకి, ఆదివాసులకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్లో మళ్ళీ చెప్పింది. నేను మొదట పనిచేసిన బడిలో మా కులపామె వండేది. వంటషెడ్డుకీ వరండాకీ మధ్య ఇరవై అడుగులు, గోడ లేదు, గీత లేదు. అయినా పదకొండు మంది పిల్లలు ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకునేవాళ్ళు. అడిగితే "కడుపులో నొప్పి టీచర్" అనేవాళ్ళు. పదకొండు మందికీ రోజూ ఒకే నొప్పి. నేను వెళ్ళి మధ్యలో కూచుని ఆ అన్నమే తినేదాన్ని. ఏడాదికి నలుగురి నొప్పి తగ్గింది. ఏడుగురిది తగ్గలేదు. అక్కడ గోడ ఇటుకతో కట్టింది కాదు.

చివరికి మేం చేసిందిది. ఎనిమిదడుగుల్లో అయిదడుగులు ఖాళీ వదిలాం, మూడడుగులు గోడ లేపాం. గ్యాసు పొయ్యి ఆ గోడ వైపు పెట్టాం కాబట్టి గాలి కొట్టదు, తాలింపు చిటపటలు బల్ల మీదికి రావు. వంటగట్టు ఇద్దరు నిలబడి పనిచేసేంత పొడుగు పెట్టించాను. మా ఆయన కూరగాయలు తరగడానికి చోటు లేదనే వంక చెప్పకుండా. గట్టు కింద ఒక మూల అమ్మ కోసం నేల పొయ్యికి చోటు వదిలాం, పొగ పోవడానికి పైన గొట్టం. గోడకి ఇటు వైపు పుస్తకాల అరలు కొట్టించాను. బొంబాయి దాదర్లో అంబేద్కర్ తన ఇల్లు రాజగృహని పుస్తకాల కోసమే కట్టుకున్నాడు. మాకు మూడడుగుల అర చాలు. ఇక ఆ అయిదడుగుల ఖాళీకి ద్వారబంధం పెట్టించాం. తలుపు రెక్కలు లేవు. గడప మాత్రం ఉంది, టేకు గడప. తలుపు లేని గుమ్మానికి టేకు గడపేందమ్మా, డబ్బు దండగ అన్నాడు మేస్త్రి. అమ్మ వినలేదు, నేనూ వినలేదు.

ఇంట్లో దిగిన రోజు బడి నుంచి తొమ్మిది మంది వచ్చారు. ఒకాయన శనివారమని అరటిపండు తిన్నాడు. ఒకామె కూల్‌డ్రింకు తాగి ఇల్లు బాగుందని మెచ్చుకుంది. మిగిలిన ఏడుగురూ తిన్నారు. అందులో ఒకామె నేరుగా వంటింటి దాకా వచ్చి గడప దగ్గర ఆగి, "అమ్మా, లోపలికి రావచ్చా?" అని మా అమ్మని అడిగింది. ఆమె మామూలుగా అడిగిందో, ఏమన్నా తెలిసి అడిగిందో నాకు తెలియదు. అమ్మ గరిట చేత్తో పట్టుకునే "రామ్మా" అంది.

అందరూ వెళ్ళాక మేం బల్ల చుట్టూ కూచున్నాం. అమ్మని పిలిస్తే రాలేదు. పళ్ళెంలో అన్నం పెట్టుకుని వచ్చి ఆ గడప మీద కూచుంది. గడప మీద కూచుని తినకూడదంటారు. ఎవరం అనలేదు. ఇప్పటికీ అక్కడే తింటుంది. బల్ల దగ్గర ఆమె కుర్చీ ఖాళీగానే ఉంటుంది. అది నాకు బాధే. కానీ అక్కడ కూచుంటే ఆమెకి పొయ్యీ కనపడుద్ది, మా పళ్ళేలూ కనపడతాయి. ఎవరి పళ్ళెంలో ఏం అయిపోయిందో మాకంటే ముందు ఆమెకే తెలుసు.

మనవాళ్ళు ఇప్పుడిప్పుడే ఇళ్ళు కట్టుకుంటున్నారు. రెండు సెంట్లో, మూడు సెంట్లో. ప్లాను గీయించే ముందు ఇంజనీరునీ అడగండి, మేస్త్రినీ అడగండి. అంతకంటే ముందు మీ అమ్మనడగండి, ఆమె ఎవరి ఇంటి ఏ గుమ్మం దగ్గర ఎన్నేళ్ళు నిలబడిందో. ఆ తర్వాత ముగ్గు పోయించండి.